ఇంటి ఇంటర్నెట్ మాటను మోయగలదా? కాల్స్‌కు కనెక్షన్ సరిపోతుందో లేదో ఇంట్లోనే పరీక్షించుకునే విధానం

హైదరాబాదులో మేముండే అపార్టుమెంటు కింది అంతస్తులో మొబైల్ సిగ్నల్ గుమ్మం దాటి లోపలికి రాదు. అందువల్ల ఇంట్లో మాట్లాడే ప్రతి కాల్, అది వైఫై కాలింగ్ మీద వచ్చే మామూలు ఫోన్ కాల్ అయినా, డాలస్‌లో ఉన్న అమ్మాయి చేసే వాట్సాప్ కాల్ అయినా, ఆఫీసు వారి జూమ్ సమావేశమైనా, ఇంటర్నెట్ మీదుగానే నడవాలి. కనెక్షన్ 100 ఎంబీపీఎస్‌ది. స్పీడ్ టెస్ట్ ఎప్పుడు పెట్టినా 95కు తగ్గేది కాదు. అయినా రాత్రి తొమ్మిది దాటితే "నాన్నా, మధ్యలో పోయింది, మళ్ళీ చెప్పు" అనే మాట వినకుండా ఒక్క కాల్ కూడా పూర్తయ్యేది కాదు. స్పీడ్ టెస్ట్ కొలిచేది ఒకటి, మాటకు కావలసింది మరొకటి అని అర్థం చేసుకుని, ఆ రెండవదాన్ని కొలవడం నేర్చుకున్నాక గాని మా ఇంటి తిప్పలు తీరలేదు. ఆ కొలిచే పద్ధతినే ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. దీనికి ఒక ల్యాప్‌టాప్, ఒక స్మార్ట్‌ఫోన్, రెండు మూడు మీటర్ల ల్యాన్ కేబుల్, ఒక తెల్ల కాగితం ఉంటే చాలు.

మాటకు ఎంత దారి కావాలి?

కొలతకు దిగే ముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ల్యాండ్‌లైన్ కాలం నుంచి వాడుకలో ఉన్న జీ.711 అనే పద్ధతిలో, గొంతును సెకనుకు 8,000 సార్లు నమూనా తీసి 64 కేబీపీఎస్ డేటాగా మారుస్తారు. ఆ డేటాను సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒక ముక్క చొప్పున కోసి, సెకనుకు 50 పాకెట్లుగా పంపుతారు. ఒక్కొక్క పాకెట్‌లో 160 బైట్ల మాట ఉంటే, చిరునామా వగైరా పైతొడుగు మరో 40 బైట్లు ఉంటుంది. మొత్తం 200 బైట్లు, సెకనుకు 50 సార్లు, అంటే 80 కేబీపీఎస్. కేబుల్ మీద ప్రయాణానికి అయ్యే అదనపు ఖర్చు కూడా కలిపితే ఒక్కో దిశలో దాదాపు 90 కేబీపీఎస్ అవుతుంది. జీ.729 వంటి పొదుపు పద్ధతులకు ఇందులో సగం కూడా అక్కరలేదు. 2012లో ప్రమాణంగా వెలువడి, నేడు బ్రౌజర్ కాల్స్‌లో విరివిగా వాడుతున్న ఓపస్ అయితే పరిస్థితిని బట్టి తన పరిమాణాన్ని తానే తగ్గించుకుంటుంది, పెంచుకుంటుంది.

ఈ లెక్కన 40 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద ఒకేసారి నాలుగు వందల కాల్స్ నడవాలి. ఒక్క కాల్ కూడా సరిగా నడవకపోతే ఆ లోపం వేగానిది కాదు, నిలకడది. సినిమా చూస్తున్నప్పుడు డేటా అర సెకను ఆలస్యమైనా మనకు తెలియదు, ఎందుకంటే ముందు వచ్చే దృశ్యాలు అప్పటికే దిగి ఉంటాయి. మాటకు ఆ వెసులుబాటు లేదు. అవతలి వారు ఇంకా పలకని మాటను ముందే తెచ్చి దాచుకోవడం ఎవరి వల్లా కాదు. ఆలస్యంగా వచ్చిన పాకెట్ రానిదానితో సమానం.

కాబట్టి మనం మూడింటిని కొలవాలి. మొదటిది జాప్యం, అంటే మన నోటి మాట అవతలి చెవికి చేరడానికి పట్టే సమయం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వారి జీ.114 సిఫారసు ప్రకారం ఇది ఒకవైపు 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుంది, 400 దాటకూడదు. రెండవది జిటర్, అంటే ఆ జాప్యంలో వచ్చే హెచ్చుతగ్గులు. ఇది 30 మిల్లీసెకన్ల లోపు ఉండాలన్నది ఈ రంగంలో పనిచేసేవారు సాధారణంగా పాటించే లెక్క. మూడవది పాకెట్ నష్టం, ఇది నూటికి ఒకటి మించకూడదు. నూటికి ఒకటి అంటే రెండు సెకన్లకు ఒకసారి 20 మిల్లీసెకన్ల మాట పోవడం. ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ పక్క శబ్దంతో పూడ్చేస్తుంది, చెవి పసిగట్టలేదు. అయితే అదే నష్టం గుంపుగా వస్తే కథ వేరు. పదిహేను పాకెట్లు వరుసగా పోతే 300 మిల్లీసెకన్ల మాట పోయినట్లు. "రేపు రావద్దు" అన్న మాటలో "వద్దు" ఎగిరిపోయి "రేపు రా" మాత్రమే మిగలడానికి అంతే చాలు.

ముందుగా వైఫైని పక్కన పెట్టండి

చాలామంది చేసే పొరపాటు పడకగదిలో మంచం మీద కూర్చుని ఫోన్‌లో పరీక్ష పెట్టడం. అలా వచ్చిన అంకెలో వైఫై లోపం ఎంత, కంపెనీ లైన్ లోపం ఎంత అన్నది ఎవరూ చెప్పలేరు. మొదటి పరీక్ష ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి, ల్యాప్‌టాప్ వైఫైని ఆపి చేయాలి. ల్యాన్ పోర్టు లేని సన్నని ల్యాప్‌టాప్‌లకు యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. అదీ లేకపోతే రౌటర్ ఉన్న గదిలోనే, దానికి ఒక గజం దూరంలో కూర్చుని 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద చేయండి. ఫలితం అంత నమ్మకమైనది కాకపోయినా పనికి వస్తుంది.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ నొక్కితే, డిఫాల్ట్ గేట్‌వే అన్న మాట ఎదురుగా ఒక చిరునామా కనిపిస్తుంది. అది మీ రౌటర్‌ది. ఎక్కువ ఇళ్ళలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, జియో ఫైబర్ రౌటర్లకు 192.168.29.1 ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు అదే కిటికీలో పింగ్ అన్న మాట, ఒక ఖాళీ, రౌటర్ చిరునామా, మరో ఖాళీ, అడ్డగీతకు ఆనించి ఎన్ అక్షరం, ఇంకో ఖాళీ, 200 అన్న అంకె, ఇవన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేసి ఎంటర్ నొక్కండి. మ్యాక్ లేదా లినక్స్ వాడేవారు అడ్డగీతను, దానికి ఆనించిన సీ అక్షరాన్ని, 200 అంకెను చిరునామాకు ముందే పెట్టాలి. సెకనుకు ఒకటి చొప్పున 200 చిన్న పాకెట్లు వెళ్ళి వస్తాయి, మొత్తం మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది. మధ్యలో ఆపవద్దు. నాలుగు పాకెట్లతో ముగిసే మామూలు పింగ్ ఏమీ చెప్పదు. నాడి పట్టి చూసే వైద్యుడు రెండు కొట్టుకోగానే చెయ్యి వదిలేయడు.

ఈ పింగ్ 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్ ఇంజినీరు రాసిన చిన్న ప్రోగ్రాం. జలాంతర్గాములు శబ్దాన్ని పంపి ప్రతిధ్వనిని వినే పద్ధతిని చూసి దానికి ఆ పేరు పెట్టాడు. నలభై ఏళ్ళు దాటినా ఇంతకంటె సులువైన పరికరం ఇంకా రాలేదు.

ల్యాన్ కేబుల్ మీద రౌటర్ నుంచి జవాబు ఒక మిల్లీసెకను లోపు రావాలి, ఒక్క పాకెట్ కూడా పోకూడదు. ఇక్కడే తేడా ఉంటే తప్పు కేబుల్‌దో, రౌటర్‌దో అవుతుంది తప్ప కంపెనీది కాదు. ఈ మెట్టు సరిగా ఉన్నదని తేలాకే తరువాతి మెట్టు ఎక్కాలి.

ఇంటి గడప దాటి

ఇప్పుడు అదే పరీక్షను 8.8.8.8 మీద, ఆ తరువాత 1.1.1.1 మీద 200 చొప్పున చేయండి. మొదటిది గూగుల్ వారిది, రెండవది క్లౌడ్‌ఫ్లేర్ వారిది. ఈ రెండు సంస్థలూ ఒకే చిరునామాను అనేక నగరాల నుంచి నడుపుతాయి కనుక, మన పాకెట్ దగ్గరలో ఉన్న కేంద్రానికే చేరుతుంది. రెండింటి మీద చేయమనడానికి కారణం, ఒక దారిలో రద్దీ ఉన్నా రెండవది బాగుండవచ్చు. ఒకటే బాగాలేకపోతే మన లైన్‌ను నిందించలేము. రెండూ బాగాలేకపోతే నిందించవచ్చు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల మంచి ఫైబర్ లైన్ మీద ఇది తరచుగా 30 మిల్లీసెకన్ల లోపే వస్తుంది.

వచ్చిన సగటును చూసి సంతృప్తి పడవద్దు. మా ఇంట్లో ఒక రాత్రి వరుసగా వచ్చిన పది అంకెలు ఇవి: 18, 19, 18, 41, 20, 19, 96, 22, 18, 19. వీటి సగటు 29. ఎవరికి చూపించినా "బ్రహ్మాండంగా ఉంది" అంటారు. జిటర్ కోసం ఒక్కొక్క అంకెకూ దాని పక్క అంకెకూ ఉన్న తేడాలను తీసి, కూడి, భాగించాలి. ఇక్కడి తేడాలు 1, 1, 23, 21, 1, 77, 74, 4, 1. వాటి మొత్తం 203, తొమ్మిదితో భాగిస్తే సుమారు 22.6. ఇదీ 30 లోపే ఉంది. అయినా ఆ ఏడవ పాకెట్ తన ముందుదానికంటె 77 మిల్లీసెకన్లు వెనుకబడి వచ్చింది. కాల్ చేసే సాఫ్ట్‌వేర్ వచ్చిన పాకెట్లను కొద్దిసేపు ఆపి, వరుసలో పెట్టి వినిపిస్తుంది. దీన్ని జిటర్ బఫర్ అంటారు. ఆ ఆపే సమయం 40 లేదా 50 మిల్లీసెకన్లే అయితే ఏడవ పాకెట్ చెత్తబుట్టలోకే పోతుంది. కాబట్టి 200 అంకెలలో సగటుకు 50 మిల్లీసెకన్ల పైన ఎగిరినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ అంకెను కాగితం మీద రాయండి. రెండు మూడు ఉంటే ఫరవాలేదు. పది దాటితే చెవికి తెలుస్తుంది. ఇది ఎక్కడా అచ్చయిన ప్రమాణం కాదు, నా అనుభవంలో కుదిరిన లెక్క మాత్రమే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ట్రేసర్ట్ లేదా పాత్‌పింగ్ వంటి ఆదేశాలతో దారిలోని ఒక్కొక్క మజిలీని చూసినప్పుడు, మధ్యలో ఎక్కడో నష్టం నూటికి యాభై అని కనిపించవచ్చు. దారిలోని పెద్ద రౌటర్లు తమ మీదుగా వెళ్ళే సరుకును వెంటనే పంపిస్తాయి గాని, తమనే పలకరించే పింగ్‌కు తీరిక ఉన్నప్పుడే జవాబిస్తాయి. చివరి మజిలీలో నష్టం లేకపోతే మధ్యలో కనిపించినదాన్ని పట్టించుకోనవసరం లేదు. ఈ సంగతి తెలియక కాల్ సెంటర్ వారితో గంటసేపు వాదించి ఓడిపోయినవారిలో నేనూ ఒకణ్ణి.

ఇల్లు నిండుగా ఉన్నప్పుడు చేయవలసిన పరీక్ష

ఒక్క పరీక్ష మాత్రమే చేసే ఓపిక ఉన్నవారు దీన్నే చేయాలి. ఖాళీ ఇంట్లో, ఎవరూ ఏమీ వాడని వేళ చేసిన పరీక్షలో దాదాపు ప్రతి కనెక్షనూ నెగ్గుతుంది. కాల్స్ తెగేది లైన్ నిండినప్పుడు, అందులోనూ ముఖ్యంగా అప్‌లోడ్ నిండినప్పుడు.

ఒక కిటికీలో 8.8.8.8కు 200 పింగ్‌లు మొదలుపెట్టండి. ఒక అర నిమిషం గడిచాక, మరో ఫోన్ నుంచి ఒక పెద్ద వీడియోను గూగుల్ డ్రైవ్‌కో, మరెక్కడికో ఎక్కించడం మొదలుపెట్టండి. ఫైలు 500 ఎంబీకి తగ్గకుండా ఉంటే మంచిది. ఇక పింగ్ అంకెలనే చూస్తూ ఉండండి. అంతవరకూ 19, 20, 19 అని వస్తున్నవి ఒక్కసారిగా 60, 140, 310, 480 అని మెట్లెక్కడం మొదలుపెడితే మీ జబ్బు దొరికినట్లే. అప్‌లోడ్ ఆపగానే అవి తిరిగి 19కి దిగితే ఇక సందేహమే లేదు.

దీనికి కారణం రౌటర్‌లోనో, ఫైబర్ పెట్టెలోనో ఉండే బఫర్. బయటికి వెళ్ళే దారి ఇరుకైనప్పుడు, పోగైన పాకెట్లను పారవేయకుండా ఆ పెట్టె వరుసలో నిలబెడుతుంది. అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ ఉన్న లైన్‌లో ఒక ఎంబీ డేటా అలా వరుసలో ఉంటే, అది 8 మెగాబిట్లు కనుక ఖాళీ కావడానికి 1.6 సెకన్లు పడుతుంది. రైల్వే గేటు పడినప్పుడు ఇసుక లారీల వెనుక చిక్కుకున్న సైకిల్ లాగా, 200 బైట్ల మాట పాకెట్ ఆ వరుస చివర నిలబడి తన వంతు కోసం ఎదురుచూస్తుంది. ఈ దోషానికి బఫర్‌బ్లోట్ అని పేరు. జిమ్ గెటిస్ అనే ఇంజినీరు 2010 ప్రాంతంలో తన ఇంటి కనెక్షన్‌లోనే దీన్ని గమనించి, ఆ పేరుతో ప్రపంచానికి పరిచయం చేశాడు.

మా ఇంట్లో దోషి మా చిన్నవాడి ఫోన్. బంధువుల పెళ్ళిలో తీసిన వీడియోలు వందల కొద్దీ ఉంటే, ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టగానే అవి గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కడం మొదలయ్యేది. వాడు ఛార్జింగ్ పెట్టేది రాత్రి తొమ్మిదికి. అమ్మాయి ఫోన్ చేసేదీ అప్పుడే. నెల రోజులు కంపెనీని తిట్టుకున్నాము.

ఆదేశాలు టైపు చేయడం ఇష్టం లేనివారికి సులువైన దారులు ఉన్నాయి. నెట్‌ఫ్లిక్స్ వారి ఫాస్ట్ డాట్ కామ్‌లో పరీక్ష ముగిశాక మరింత సమాచారం కోరితే, లైన్ ఖాళీగా ఉన్నప్పటి జాప్యం, నిండినప్పటి జాప్యం విడివిడిగా కనిపిస్తాయి. క్లౌడ్‌ఫ్లేర్ వారి స్పీడ్ టెస్ట్ జిటర్‌ను, పాకెట్ నష్టాన్ని కూడా చూపుతుంది. ఊక్లా స్పీడ్‌టెస్ట్ ఆప్ ఖాళీ సమయం, డౌన్‌లోడ్, అప్‌లోడ్ అని మూడు పింగ్ అంకెలు ఇస్తుంది. ఎక్కడ చూసినా మీరు పట్టించుకోవలసింది పెద్ద అక్షరాల ఎంబీపీఎస్ అంకెను కాదు, దాని కింద చిన్న అక్షరాలలో ఉండే ఈ తేడాను. నిండినప్పటి జాప్యం ఖాళీ జాప్యం కంటె 30 లేదా 40 మిల్లీసెకన్లు మాత్రమే పెరిగితే మంచి లైన్. 200 పెరిగితే, ఎంత ఖరీదైన ప్లాన్ అయినా ఎవరో ఒకరు అప్‌లోడ్ మొదలుపెట్టగానే మాట ముక్కలవుతుంది.

మందు కూడా ఉంది. రౌటర్‌లో ఎస్‌క్యూఎం లేదా స్మార్ట్ క్యూ అనే సదుపాయం ఉంటే దాన్ని ఆన్ చేసి, కొలిచిన అప్‌లోడ్ వేగంలో నూటికి 85 నుంచి 90 వంతును హద్దుగా పెట్టాలి. వరుస అప్పుడు కంపెనీ పెట్టెలో కాకుండా మన రౌటర్‌లో ఏర్పడుతుంది, ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ వంటి పద్ధతులు ఆ వరుసలో చిన్న పాకెట్లకు దారి ఇస్తాయి. కంపెనీ ఉచితంగా ఇచ్చే రౌటర్లలో ఈ సదుపాయం తరచుగా ఉండదు. అప్పుడు ఫోటోల బ్యాకప్‌ను, వాట్సాప్ బ్యాకప్‌ను కాల్స్ లేని వేళకు మార్చుకోవడమే ఖర్చులేని దారి. మేము చేసిందీ అదే.

వేళలు, వానలు

పై రెండు పరీక్షలను ఒక్కరోజు ఒక్కసారి చేస్తే చాలదు. ఉదయం ఏడుకు, మధ్యాహ్నం మూడుకు, రాత్రి తొమ్మిదిన్నరకు చొప్పున కనీసం మూడు రోజులు చేసి, ప్రతిసారి సగటు, అత్యధికం, నష్టం, పెద్ద ఎగుళ్ళ సంఖ్య రాసుకోవాలి. ఇళ్ళకు వచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్ పద్ధతిలో ఉంటుంది. అందులో సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్‌ను, 1.25 గిగాబిట్ల అప్‌లోడ్‌ను 32 లేదా 64 ఇళ్ళు పంచుకుంటాయి. ఉదయం నిర్మలంగా ఉండి రాత్రి మాత్రమే అంకెలు పెరిగితే రద్దీ మీ వీధిలోనో, కంపెనీ పై లైన్‌లోనో ఉందని అర్థం. అన్ని వేళలా ఒకేలా పాకెట్లు పోతూ ఉంటే తీగలోనే లోపం ఉండవచ్చు.

తీగ లోపం చూడటానికి ఫైబర్ పెట్టె పేజీలోకి లాగిన్ అయి, ఆప్టికల్ పవర్ అన్నచోట అందుతున్న కాంతి ఎంతో చూడండి. ఇది మైనస్ అంకెలలో, డీబీఎం కొలతలో ఉంటుంది. ఇళ్ళలో ఎక్కువగా వాడే రకం పెట్టెలకు మైనస్ 27 చివరి హద్దు, మైనస్ 15కూ మైనస్ 24కూ మధ్య ఉంటే నిశ్చింత. మా ఇంట్లో ఒకసారి ఇది మైనస్ 28 చూపింది. దారి వెంట చేత్తో తడుముకుంటూ వెళితే, బీరువాను గోడకు జరిపినప్పుడు దాని వెనుక నున్న పసుపు తీగ నడుము విరిగినట్లు మడత పడి ఉంది. మడతలో కాంతి బయటికి కారిపోతుంది. బీరువాను నాలుగు వేళ్ళు జరిపి తీగను గుండ్రంగా చుట్టి వదిలితే మైనస్ 21కి వచ్చింది. స్తంభాల మీదుగా, మేడల మీదుగా లాగిన తీగలకు ఉడుతలు, గాలిపటాల మాంజా, గాలివాన ఇంకా పెద్ద శత్రువులు. ఎర్ర లైటు వెలిగితే కాంతి అందడం లేదని అర్థం, అప్పుడు లైన్‌మన్ రావలసిందే.

డిష్ వంటి పెట్టెను మేడ మీద పెట్టి 5జీ సిగ్నల్‌తో ఇంటర్నెట్ ఇచ్చే ఎయిర్‌ఫైబర్ తరహా కనెక్షన్లలో జిటర్ సహజంగానే ఫైబర్ కంటె ఎక్కువగా ఉంటుంది. వాటిని పరీక్షించేవారు మూడు రోజులతో ఆగకుండా ఒక వారం చూడటం మంచిది.

ఇప్పుడు వైఫై వంతు

లైన్ బాగుందని తేలింది. ఇక కేబుల్ తీసేసి, మీరు నిజంగా మాట్లాడే చోట కూర్చుని రౌటర్‌కు 200 పింగ్‌లు పంపండి. ఫోన్‌తోనే మాట్లాడతారు కనుక ఫోన్‌లోని పింగ్ ఆప్‌తో చేయడం మరీ మంచిది. ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కు పింగ్ చేయవద్దు. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ తన వైఫైని కునుకు తీయిస్తుంది, అందువల్ల లేని జబ్బు కనిపిస్తుంది. అదే గదిలో అయితే 2 నుంచి 10 మిల్లీసెకన్లు, గోడ అవతల ఇంకొంచెం ఎక్కువ రావచ్చు. తరచుగా 50 పైకి ఎగిరితే మాటకు ఇబ్బందే.

ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ రకం ఆప్‌లు సిగ్నల్ బలాన్ని చూపుతాయి. మాటకు మైనస్ 67 డీబీఎం కంటె బలహీనపడకూడదని వైఫై ఇంజినీర్లు లెక్కగా పెట్టుకుంటారు. మనలో చాలామంది ఇళ్ళలో రౌటర్ ఉండే చోటు మనం ఎంచుకున్నది కాదు, తీగ ఎక్కడికి చేరితే అక్కడ, టీవీ వెనుకనో, సజ్జ మీద స్టీలు డబ్బాల నడుమనో ఉంటుంది. అడ్డంగా ఉన్న ఇనుప బీరువా, నిలువుటద్దం, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ సిగ్నల్‌ను గట్టిగా దెబ్బతీస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై దూరం వెళుతుంది గాని, అపార్టుమెంట్లలో పక్కింటి రౌటర్లన్నీ అక్కడే ఉంటాయి, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చోటే గొడవ చేస్తుంది. ఆ బ్యాండ్ తప్పనిసరైతే ఒకదానితో ఒకటి తగలని 1, 6, 11 ఛానెళ్ళలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. 5 గిగాహెర్ట్జ్ అందే చోట మాత్రం దాన్నే వాడాలి.

సముద్రం అవతలి కాల్స్

విదేశాల్లో పిల్లలున్నవారికి ఇది వేరుగా చెప్పాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి డాలస్‌కు గీత గీసినట్లు కొలిచినా దాదాపు 14,000 కిలోమీటర్లు, అంటే మాట ఒకవైపు వెళ్ళడానికే 70 మిల్లీసెకన్లు తప్పవు. నిజమైన తీగ ముంబైలోనో, చెన్నైలోనో సముద్రంలోకి దిగి చుట్టు తిరిగి పోతుంది కనుక పోయి రావడానికి 250 మిల్లీసెకన్లు పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. దానికి ఫోన్ లోపలి ఆలస్యం, జిటర్ బఫర్ కూడా కలిస్తే ఒకవైపు జాప్యం 150 హద్దును దాటుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం దాని లక్షణం. ఇది దూరం వల్ల వచ్చేది, ప్లాన్ మార్చినంత మాత్రాన పోదు. మాట ముక్కలవుతుంటే మాత్రం దానికి కారణం దూరం కాదు, నష్టమో జిటరో అయి ఉంటుంది.

దీన్ని కొలవడానికి అమెరికా వెబ్‌సైటు ఏదో ఒకదానికి పింగ్ చేస్తే మోసపోతారు, పెద్ద సైట్లు చాలావరకు మన దేశంలోని కేంద్రాల నుంచే జవాబిస్తాయి. ఊక్లా ఆప్‌లో సర్వర్‌ను మార్చే చోట డాలస్ అని వెతికి, ఆ ఊరి సర్వర్‌తో పరీక్షించడం నయం.

నిజమైన కాల్‌తో తుది పరీక్ష

అంకెలన్నీ అయ్యాక చెవితో వినాలి. రాత్రి తొమ్మిదిన్నరకు, ఇంట్లో టీవీ, ఫోన్లు మామూలుగా నడుస్తుండగా, వేరే ఊళ్ళోని వారికి కాల్ చేసి, ఒకటి నుంచి వంద వరకు తాపీగా లెక్కపెట్టమనండి. మీరు కాగితం మీద వినపడని అంకెలను గుర్తు పెట్టండి, తరువాత మీరు చెప్పండి, వారు గుర్తు పెడతారు. మీ మాట వారికి తెగి, వారి మాట మీకు బాగా వినిపిస్తే ముందుగా మీ అప్‌లోడ్‌ను అనుమానించాలి. తారుమారైతే వారి వైపు చూసుకోమని చెప్పండి. జూమ్ వాడేవారికి సెట్టింగ్స్‌లోని స్టాటిస్టిక్స్ పేజీలో, ఆడియో కింద, జాప్యం, జిటర్, నష్టం పంపేవి వేరుగా, అందేవి వేరుగా కాల్ నడుస్తుండగానే కనిపిస్తాయి.

వైఫై కాలింగ్‌కు ప్రత్యేకంగా ఒక మాట. 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, మరుసటి నెలలో జియో మన దేశంలో దీన్ని మొదలుపెట్టాయి. ఇందులో ఫోన్ నుంచి మొబైల్ కంపెనీ వరకు యూడీపీ 500, 4500 పోర్టుల మీద ఒక రహస్య సొరంగం ఏర్పడుతుంది. ఇంటర్నెట్ అంతా బాగుండి వైఫై కాలింగ్ గుర్తు మాత్రం రాకపోతే, రౌటర్ ఫైర్‌వాల్ ఆ రెండు పోర్టులను ఆపుతోందేమో చూడాలి. ఆఫీసు వారిచ్చిన ఐపీ ఫోన్‌లో ఒకరి మాట మాత్రమే వినిపిస్తుంటే, రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయాన్ని ఆపి చూడండి. సాయం చేయడానికి పెట్టినదే అయినా, అది పాకెట్లలోని చిరునామాలను తిరగరాసి కాల్స్‌ను చెడగొట్టడమే ఎక్కువ. ఫైబర్ పెట్టె వెనుక నేరుగా తగిలించే ల్యాండ్‌లైన్ ఫోన్‌కు మాత్రం కంపెనీలు సాధారణంగా వేరే దారిని కేటాయిస్తాయి. ఇంట్లో వాట్సాప్ ముక్కలవుతున్నప్పుడు కూడా ఆ ఫోన్ చక్కగా పలకడానికి కారణం అదే. రోజూ ముఖ్యమైన కాల్స్ ఉన్నవారు దాన్ని మూల పడేయకుండా వాడుకోవాలి.

ఫిర్యాదు చేయవలసి వస్తే

"నెట్ స్లోగా ఉంది" అని ఫోన్ చేస్తే అవతలివారు స్పీడ్ టెస్ట్ పెట్టమంటారు, అది 95 చూపిస్తుంది, ఫిర్యాదు ముగిసిపోతుంది. అందుకు బదులుగా "ల్యాన్ కేబుల్ మీద, రౌటర్ వరకు నష్టం సున్నా, 8.8.8.8కూ 1.1.1.1కూ రాత్రి తొమ్మిదిన్నరకు 200లో 9 పాకెట్లు పోతున్నాయి, ఉదయం పోవడం లేదు, ఆప్టికల్ పవర్ ఇంత" అని చెప్పి, మూడు రోజుల స్క్రీన్‌షాట్లు పంపండి. డాకెట్ నంబరు తప్పక అడిగి రాసుకోండి, పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి వెళ్ళడానికి ఆ నంబరే ఆధారం. లైన్‌మన్ వచ్చి ఏదో మార్చి, బాగైందని సంతకం అడిగితే, ఆయన వచ్చింది పగటి పూట అని గుర్తుంచుకోండి. రాత్రి తొమ్మిదిన్నరకు అవే 200 పింగ్‌లు మళ్ళీ పంపి, పాత కాగితం పక్కన పెట్టి చూసుకునేంతవరకు ఫిర్యాదును మూయనివ్వవద్దు.